సన్నమంటకు పెచ్చులూడిన కవచం: ఆర్టెమిస్-1 ఓరియన్ ఉష్ణకవచంపై ఒక కేస్ స్టడీ

2022 డిసెంబరు 11న, నాసా ఆర్టెమిస్-1 ప్రయోగంలో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన ఓరియన్ క్యాప్స్యూల్ బాహా కాలిఫోర్నియా తీరానికి ఆవల పసిఫిక్ సముద్రంలో దిగింది. అది మనుషులు లేని ప్రయాణం. వాతావరణాన్ని చీల్చుకుంటూ దిగినంతసేపూ క్యాబిన్ లోపలి ఉష్ణోగ్రత 24 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే నిలిచింది. లోపల వ్యోమగాములు ఉండి ఉన్నా వారికి ప్రమాదం ఉండేది కాదని నాసా ఆ తరువాత ప్రకటించింది. అయితే క్యాప్స్యూల్‌ను ఒడ్డుకు చేర్చి అడుగుభాగాన్ని పరిశీలించినప్పుడు, సమంగా మాడి సమంగా అరగవలసిన ఉష్ణకవచం మీద వందకు పైగా చోట్ల మాడిన పొర పెచ్చులుగా ఊడిపోయి గుంటలు పడి ఉన్నాయి. ముందుగా వేసుకున్న ఏ లెక్కలోనూ లేని అరుగుదల అది. దాని కారణం తేలి బయటికి రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

నేను ఆ కార్యక్రమంలో పనిచేసినవాణ్ని కాను. రాకెట్ నాజిళ్ళ లోపలి వైపు, ఉష్ణకవచాల మీద వాడే ఫినాలిక్ పదార్థాలను (వేడికి గట్టిపడే ఒక రకం రెసిన్‌తో చేసినవి) తయారుచేయించడం, కాల్చడం, కాలిన ముక్కను కోసి చూడటం చాలాకాలంగా నా వృత్తి. నాసా బయటపెట్టిన ఫలితాలను, 2024 మే నెలలో ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన నివేదికను నా పని అనుభవం పక్కన పెట్టుకుని చదివి ఈ విశ్లేషణ రాస్తున్నాను. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఒకటే. ఈ కవచాన్ని తడబడేలా చేసింది ఎక్కువ వేడి కాదు, తక్కువ వేడి. నేలమీద అంతకంటే తీవ్రమైన మంటలో నెగ్గిన పదార్థం ఆకాశంలో సన్నమంటకు పగిలింది.

ఎంత వేడి, ఎక్కడి వేడి

చంద్రుని నుంచి తిరిగి వచ్చే నౌక వాతావరణపు అంచును సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది. భూమి చుట్టూ దగ్గరి కక్ష్యలో తిరిగే నౌక వేగం సెకనుకు 7.8 కిలోమీటర్లు. చూడటానికి తేడా ఒకటిన్నర రెట్లలోపే అయినా, గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఒక్కో కిలో బరువు వెంట వచ్చే శక్తి 30 మెగాజౌళ్ళ నుంచి 60 మెగాజౌళ్ళకు చేరుతుంది. ఇంకోలా చెప్పాలంటే, నౌకలోని ప్రతి కిలో లోహమూ 23 కిలోల మామూలు నీటిని పూర్తిగా ఆవిరి చేయగలిగినంత శక్తిని వెంటబెట్టుకుని వస్తోంది. ఆ శక్తి అంతా కొన్ని నిమిషాల వ్యవధిలో ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి.

అందులో అత్యధిక భాగం గాలికే పోయేలా చేయడం మొద్దు ముఖం ఉన్న ఆకృతి చేసే పని. 1950ల ఆరంభంలో హెచ్. జూలియన్ ఆలెన్ అనే అమెరికన్ ఇంజనీరు, సూదిలా మొన ఉన్న వస్తువు కంటే బోర్లించిన పళ్ళెంలా వెడల్పుగా ఉన్న వస్తువే తక్కువ వేడెక్కుతుందని చూపించాడు. వెడల్పైన ముఖం ముందు షాక్ తరంగం కాస్త ఎడంగా నిలబడుతుంది. గాలి అక్కడే నలిగి, కాగి, నౌక పక్కల నుంచి వెనక్కి జారిపోతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. కవచానికి తగిలేది మిగిలిన కొద్ది భాగమే. ఓరియన్ విషయంలో ఆ కొద్ది భాగమే సుమారు 2,760 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. స్పేస్ షటిల్‌కు అతికించినట్టు మళ్ళీ మళ్ళీ వాడుకునే సిలికా పెంకులను దీనికీ ఎందుకు అతికించకూడదు? దీనికి ఒక చిన్న లెక్క చాలు. తిరిగి వాడే పెంకు తనకు తగిలిన వేడిని తనలోకి తీసుకోదు. పై ముఖం ఎర్రగా కాగి, ఆ వేడిని కాంతిగా, పరారుణ కిరణాలుగా తిరిగి బయటికి వెదజల్లుతుంది. షటిల్ నల్ల పెంకులు పదే పదే తట్టుకోగల ఉష్ణోగ్రత 1,260 డిగ్రీల సెల్సియస్ వరకు. ఆ ఉష్ణోగ్రత దగ్గర మంచి నల్లపూత ఉన్న ముఖం ఒక చదరపు సెంటీమీటరు నుంచి వెదజల్లగలిగేది సుమారు 27 వాట్లు. చంద్రుని నుంచి వచ్చేటప్పుడు క్యాప్స్యూల్ ముఖం మీద పడేది చదరపు సెంటీమీటరుకు వందల వాట్లలో ఉంటుంది. వచ్చేది వందల్లో, పోయేది పాతిక దగ్గర ఉన్నప్పుడు పెంకు నిలవదు. అందుకే చంద్రయాత్రకు అరిగిపోయే కవచమే గతి.

అరిగిపోయే పదార్థం పని తీరు వేరు. దాన్ని కోసి చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఆర్క్ జెట్‌లో, అంటే విద్యుత్ మంటతో గాలిని విపరీతంగా కాచి ముక్క మీదికి వదిలే పరీక్షాయంత్రంలో, కాల్చిన ఫినాలిక్ ముక్కను చల్లారాక రంపంతో నిలువుగా కోస్తే మూడు పట్టీలు కనిపిస్తాయి. పైన వేలు రాస్తే అంటుకునే నల్లని బొగ్గుపొర, అడుగున మొదటి రంగు పోని అసలు పదార్థం, రెండింటి మధ్య మాడీ మాడని కాఫీరంగు పట్టీ. కోస్తున్నంతసేపూ ఘాటైన ఫినాల్ వాసన వస్తూ ఉంటుంది. అసలు కథ నడిచేది ఆ మధ్య పట్టీలోనే. అక్కడ రెసిన్ వేడికి విరిగి వాయువులుగా మారుతుంది. విరగడానికి కొంత వేడి ఖర్చవుతుంది. పుట్టిన వాయువులు బొగ్గుపొర గుండా పైకి వచ్చి, ముఖానికి ఆనుకుని ప్రవహించే కాగిన గాలిని కాస్త దూరంగా నెడతాయి. బొగ్గుపొర తాను ఎర్రగా వెలుగుతూ వేడిని వెదజల్లుతుంది, మెల్లగా అరిగిపోతుంది. అరిగినకొద్దీ మధ్య పట్టీ లోపలికి జరుగుతూ పోతుంది. కవచం తనను తాను కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటూ లోపలివారిని కాపాడుతుంది.

ఈ మొత్తం ఏర్పాటు ఒక మాట మీద ఆధారపడి ఉంది: మధ్య పట్టీలో పుట్టిన వాయువుకు పైకి వచ్చే దారి ఉండాలి.

పదార్థం పేరు ఒకటే, తయారీ వేరు

ఓరియన్ కవచపు పదార్థం ఆవ్‌కోట్. అపోలో నౌకలకు వాడింది కూడా ఈ పేరున్నదే. సిలికా నారలు కలిపిన ఎపాక్సీ నోవొలాక్ రెసిన్ దీని మూలం. అపోలో రోజుల్లో కవచమంతా తేనెపట్టు వంటి చట్రాన్ని అతికించి, ఆ గదులను ఒక్కొక్కటిగా చేతితో తుపాకీ వంటి పరికరం పట్టుకుని నింపేవారు. 2014 డిసెంబరు 5న జరిగిన ఓరియన్ తొలి ప్రయోగానికి కూడా అదే పద్ధతిని అనుసరించి 3,20,000 గదులు నింపారు. ఆ ప్రయోగంలో క్యాప్స్యూల్ గంటకు 32,000 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చి క్షేమంగా దిగింది. అయినా ఆ పద్ధతిలో నెలల తరబడి పని, అతుకుల దగ్గర సన్నని పగుళ్ళు అనే రెండు చిక్కులుండటంతో ఆర్టెమిస్-1 కోసం దాన్ని వదిలేశారు. బదులుగా ఆవ్‌కోట్‌ను దిమ్మలుగా పోతపోసి, ఆకారానికి చెక్కి, టైటానియం చట్రం మీద కార్బన్ నార తొడుగు ఉన్న 5 మీటర్ల పళ్ళేనికి 186 దిమ్మలు అతికించారు.

తయారీ దృష్టితో చూస్తే ఇది మంచి నిర్ణయమే. దిమ్మలను విడిగా పరీక్షించవచ్చు, బాగా రానిదాన్ని పక్కన పెట్టవచ్చు. నా అభ్యంతరం నిర్ణయంతో కాదు, పేరుతో. పదార్థానికి పాత పేరే ఉండటం వల్ల దానికి పాత అనుభవం కూడా ఉన్నట్టే తోస్తుంది. మా రంగంలో రెసిన్ మారకపోయినా, నింపే పద్ధతి మారితే, ఒత్తిడి మారితే, నార పడుకునే దిశ మారితే అది కొత్త పదార్థమే. రసాయనం అదే కావచ్చు, కానీ లోపలి సందులు వేరవుతాయి. ఆ సందులే ఈ కేసులో కీలకం.

రెండు మునకలు

అపోలో నౌకలు వాతావరణంలో ప్రవేశించిన చోటు నుంచి సుమారు 2,800 కిలోమీటర్ల దూరం వరకే వెళ్ళి దిగగలిగేవి. ఓరియన్‌కు ఆ దూరం 8,900 కిలోమీటర్ల దాకా ఉండేలా దారి గీశారు. చంద్రుని నుంచి ఏ రోజున బయలుదేరినా అమెరికా తీరానికి దగ్గరగా, ముందే అనుకున్న చోట దింపగలగడం దీని ఉద్దేశం. చెరువులో చిల్లపెంకును ఏటవాలుగా విసిరితే నీటిని తాకి పైకి లేచి మళ్ళీ పడినట్టు, క్యాప్స్యూల్ మొదట వాతావరణంలో కొంత మునిగి, వేగం తగ్గించుకుని, కొంత పైకి లేచి, తిరిగి రెండోసారి మునుగుతుంది. 2020 డిసెంబరులో చంద్రుని మట్టి తెచ్చిన చైనా చాంగ్'ఇ-5 క్యాప్స్యూల్ కూడా ఇలాగే దిగింది. వ్యోమగాముల శరీరం మీద పడే భారం రెండు విడతలుగా విడిపోవడం ఇందులో మరో సౌకర్యం.

వేడి కూడా రెండు విడతలుగా వస్తుంది. మొదటి మునకలో తీవ్రంగా, మధ్యలో తగ్గి, రెండో మునకలో మళ్ళీ. కాగితం మీద గీసిన వేడి రేఖకు రెండు మూపురాలు, వాటి మధ్య ఒక లోయ ఉంటాయి. ఇంజనీర్ల కళ్ళు సహజంగా మూపురాల మీదే నిలుస్తాయి. ఎక్కువ వేడి అక్కడ ఉంది కనుక ప్రమాదమూ అక్కడే ఉంటుందని అనుకుంటాం. నేనైనా అలాగే అనుకునేవాణ్ని. లోయను విశ్రాంతిగా చూసేవాణ్ని.

కుమ్మరి ఆవం, మా ఓవెన్

ఫలితాల దగ్గరికి వెళ్ళే ముందు నా పనిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మేము పని అప్పగించిన ఒక వర్క్‌షాప్‌లో అరచేతి మందం ఉన్న ఫినాలిక్ దిమ్మను రెండో విడత కాల్పుకు ఓవెన్‌లో పెట్టారు. ఫినాలిక్ రెసిన్ గట్టిపడేటప్పుడు దాని రసాయన చర్యలోనే నీరు పుడుతుంది. ఆ నీటికి బయటికి వచ్చే వ్యవధి ఇవ్వడం కోసం ఉష్ణోగ్రతను రాత్రంతా నెమ్మదిగా పెంచాలి. ఆ రోజు ఏదో తొందరలో మూడు నాలుగు గంటల్లోనే పైదాకా ఎక్కించేశారు. మర్నాడు దిమ్మ పైకి నున్నగా, నిగనిగలాడుతూ, ఏ లోపమూ లేనట్టే ఉంది. మాతో వచ్చిన పెద్దవయసు టెక్నీషియన్ జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, సంతలో కుండ కొనేవాడు మోగించి చూసినట్టు దాన్ని అక్కడక్కడా తడుతూ వెళ్ళాడు. మూడు నాలుగు చోట్ల గల్లుమని పలికింది. నడిమధ్యకు వచ్చేసరికి మాత్రం శబ్దం మందగించింది. "పగిలిన కుండలా పలుకుతోంది సార్," అన్నాడాయన. కోసి చూస్తే సగం లోతులో పొరలు విడిపోయి, చేతి గోరు దూరేంత ఖాళీ ఉంది.

కుమ్మరివారికి ఇది పుట్టుకతో తెలిసిన విద్య. తడి ఆరని కుండను ఆవంలో పెట్టి ఒక్కసారిగా మంట పెంచితే, లోపలి నీరు ఆవిరై, పోయే దారి లేక కుండను బద్దలు చేస్తుంది. అందుకే నీడన ఆరబెట్టడం, మొదట సన్నమంట పెట్టడం. ఈ రెండు సందర్భాల్లోనూ చెరుపు చేసింది వేగంగా ఎక్కిన వేడి. ఓరియన్ కవచంలో చెరుపు చేసింది సన్నమంట. పైకి ఇవి ఎదురెదురు సంగతుల్లా కనిపిస్తాయి గాని, లోపల నడిచే లెక్క ఒక్కటే. లోపల పుడుతున్న ఆవిరి ఎంత, దానికి బయటికి పోయే దారి ఎంత? ఈ రెండింటి నిష్పత్తే పదార్థం నిలుస్తుందో పగులుతుందో చెబుతుంది. మంట ఎక్కువా తక్కువా అన్నది ఆ నిష్పత్తిని ఎటు తిప్పుతుందో చూసుకోవలసిన విషయమే తప్ప, దానికదే తీర్పు కాదు.

వెతుకులాట, దొరికిన కారణం

తిరిగి వచ్చిన కవచాన్ని విప్పి అలబామాలోని మార్షల్ కేంద్రానికి తీసుకువెళ్ళి, దాని నుంచి సుమారు 200 నమూనాలు తీశారు. కవచంలో వేర్వేరు లోతుల్లో ముందే అమర్చిన థర్మోకపుల్స్ చెప్పిన ఉష్ణోగ్రతలు, పీడన మాపకాలు చెప్పిన విలువలు చేతిలో ఉన్నాయి. వాటి ఆధారంగా ఎనిమిది విడతల్లో 121 ఉష్ణ పరీక్షలు జరిగాయి. కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రపు ఆర్క్ జెట్‌లలో కొన్ని చేశారు. ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో లేజర్‌తో వేడిచేస్తూ, కాలుతున్న ముక్క లోపల ఏం జరుగుతోందో అప్పటికప్పుడు ఎక్స్-రేలో చూశారు. నా దృష్టిలో ఈ పరీక్షలన్నింటిలో తెలివైనది ఇదే. పరీక్ష అయ్యాక కోసి చూసినప్పుడు పగులు కనిపిస్తుంది కాని, అది ఏ క్షణాన పుట్టిందో కనిపించదు. మా రోజుల్లో ఆ క్షణాన్ని ఊహించుకుని వాదించుకునేవాళ్ళం.

2024 డిసెంబరు 5న నాసా ప్రకటించిన కారణాన్ని వరుసగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది. మొదటి మునకలో కవచం వేడెక్కి, పైన బొగ్గుపొర ఏర్పడింది. క్యాప్స్యూల్ పైకి లేచినప్పుడు బయటి వేడి తగ్గింది. కానీ అప్పటికే లోపలికి దిగిన వేడి అక్కడే ఉంది. పొయ్యి ఆపేసిన తరువాత కూడా మట్టికుండలో పప్పు కుతకుతలాడుతూనే ఉంటుంది, ఇదీ అటువంటిదే. ఆ వేడికి మధ్య పట్టీలో రెసిన్ విరిగి వాయువులు పుడుతూనే ఉన్నాయి. మరోవైపు పైన వేడి తగ్గినందువల్ల బొగ్గుపొర ఏర్పడే వేగం మందగించింది. బాగా మాడిన బొగ్గులో వాయువు పోవడానికి సందులుంటాయి. మాడీ మాడని పదార్థంలో అవి ఉండవు. అంటే ఆవిరి పుట్టడం సాగుతూ, దారులు తెరుచుకోవడం నెమ్మదించింది. ఆవ్‌కోట్ దిమ్మలకు సహజంగా వాయువును పోనిచ్చే గుణం చాలినంత లేదు. లోపల పీడనం పెరిగి పదార్థం పగిలింది. పగిలిన చోట మాడిన పొర పెచ్చులుగా లేచిపోయింది.

ఇక్కడ ఒక చిన్న పదవిచారం అవసరం. ఒక పదార్థంలో ఖాళీలు ఎన్ని ఉన్నాయన్నది ఒక ప్రశ్న. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి బయటికి దారి ఇస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఇంటినిండా గదులుండి గుమ్మాలు లేకపోతే, లోపల ఉన్నవాడు ఎక్కడివాడక్కడే ఉండిపోతాడు. తేలికైన దిమ్మ కనుక వాయువు దానంతటదే పోతుందని అనుకోవడం ఈ రంగానికి కొత్తగా వచ్చినవారు చేసే పొరపాటు. సాంద్రతను తూచి తెలుసుకోవచ్చు. వాయువును పోనిచ్చే గుణాన్ని, అంటే పారగమ్యతను, తెలుసుకోవాలంటే ఒకవైపు నుంచి వాయువును ఒత్తి, మరోవైపు ఎంత వచ్చిందో కొలవాలి. మొదటిది ప్రతి దిమ్మకూ చేస్తాం. రెండోది చాలాచోట్ల నమూనాకు ఒకటి రెండుసార్లు చేసి ఊరుకుంటారు.

మరి నేలమీద చేసిన పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదు? ప్రయోగానికి ముందు ఆర్క్ జెట్‌లో పెట్టిన వేడి, నిజంగా ఎదురైన వేడి కంటే ఎక్కువ. తీవ్రమైన వేడిలో బొగ్గుపొర త్వరగా, పూర్తిగా ఏర్పడింది, దారులు తెరుచుకున్నాయి, వాయువు పోయింది, పదార్థం అనుకున్నట్టే అరిగింది. పరీక్ష చేసినవారు ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం అదే వచ్చేది. తరువాత ఆర్క్ జెట్‌ను మార్చుకుని, ప్రయాణంలో ఎదురైన వేడిని దాని ఎగుడుదిగుళ్ళతో సహా తిరిగి పుట్టించినప్పుడు ఆ పగుళ్ళు నేలమీద కూడా కనిపించాయి. కారణం రుజువైందని నేను నమ్మేది ఆ క్షణం నుంచే. దీనికి తోడు మరో సాక్ష్యం కవచం మీదనే ఉంది. ఆ 186 దిమ్మల్లో అక్కడక్కడా వాయువును పోనిచ్చే గుణం ఉన్న చిన్న భాగాలు ఉన్నాయి. అవి పగలలేదు, పెచ్చులూడలేదు. అదే వేడి, అదే గాలి, అదే రోజు, ఒక గుణంలో మాత్రమే తేడా. ఏ ప్రయోగశాలలోనూ ఇంత శుభ్రమైన పోలిక దొరకదు.

మా రంగంలో అందరం పాటించే సూత్రం ఒకటుంది: నిజంగా వచ్చే దానికంటే కొంత ఎక్కువ భారం పెట్టి పరీక్షిస్తే, తక్కువ భారం దగ్గర భయం లేదు. ఉక్కు కడ్డీకి, గొలుసుకు, వంతెనకు ఈ సూత్రం సరిపోతుంది. లోపల తనను తాను మార్చుకునే పదార్థానికి సరిపోదు. వేడిని బట్టి ఆవ్‌కోట్ వేరే పదార్థం అవుతోంది. తీవ్రమైన వేడిలో పరీక్షించింది ఒక పదార్థాన్ని, సన్నమంటలో ఎగిరింది మరో పదార్థం. ఇప్పుడు నేను ఎవరి పరీక్షా ప్రణాళిక చూసినా మొదట వెతికేది అతి తక్కువ వేడి ఉన్న వరుసను. ఆ వరుస లేకపోతే, మధ్యలో మంట తగ్గి మళ్ళీ పెరిగే వరుస లేకపోతే సంతకం పెట్టను. దీనివల్ల కొందరికి నా మీద విసుగు ఉందని తెలుసు.

ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ఎత్తిచూపిన మరో రెండు అంశాలను క్లుప్తంగా చెబుతాను. క్యాప్స్యూల్‌ను దాని వెనుక ఇంజన్, ఇంధనం ఉండే సర్వీస్ మాడ్యూల్‌తో కలిపే నాలుగు బోల్టులు కవచం గుండానే వెళతాయి. వాటిలో మూడింటి దగ్గర ఊహించినదానికంటే ఎక్కువ కరుగుదల కనిపించింది. ఊడిన పెచ్చులు పారాచూట్లకు తగిలే అవకాశం గురించి కూడా ఆ నివేదిక హెచ్చరించింది. రెండూ తీసిపారేయదగ్గవి కావు గాని, ప్రధాన కారణంతో వాటికి నేరుగా సంబంధం లేదు.

ఉన్న కవచంతోనే, దారి మార్చి

కారణం తేలేనాటికి, మనుషులతో చంద్రుణ్ణి చుట్టి రావలసిన ఆర్టెమిస్-2 క్యాప్స్యూల్‌కు ఇదే రకం కవచం అతికించి సిద్ధంగా ఉంది. దాన్ని విప్పి కొత్తది పెట్టడం ఒక మార్గం, ఉన్నదానితోనే వేరే దారిలో దిగడం రెండో మార్గం. నాసా రెండోదాన్ని ఎంచుకుంది. షటిల్ కొలంబియా ప్రమాదం తరువాత తిరిగి ఎగిరిన ప్రయోగానికి ప్రధాన ఫ్లైట్ డైరెక్టరుగా పనిచేసిన పాల్ హిల్ నాయకత్వంలోని స్వతంత్ర బృందం కారణ నిర్ధారణను పరిశీలించి ఏకీభవించింది. రెండు మునకల మధ్య విరామాన్ని కుదించి, ప్రవేశించిన చోటికీ దిగే చోటికీ మధ్య దూరాన్ని తగ్గించి, కవచం సన్నమంటలో గడిపే సమయాన్ని తగ్గించడం ఆ మార్పు సారాంశం. మామూలు పాఠకునికి ఇది తలకిందుల వైద్యంలా అనిపించవచ్చు, ఎందుకంటే వేడి ఒకచోట గుమిగూడి మరింత తీవ్రంగా తగిలే దారిలోకి నౌకను మళ్ళించడమే ఇక్కడ పరిష్కారమైంది. ఈ పదార్థం ఆ తీవ్రమైన వేడిలోనే బాగా పనిచేస్తుందని నేలమీది పరీక్షలు మొదటినుంచీ చెబుతూనే ఉన్నాయి.

ఈ నిర్ణయాన్ని విమర్శించినవారిలో అనుభవజ్ఞులున్నారు. పదార్థంలో తెలిసిన లోపం పెట్టుకుని, దారితో దాన్ని సర్దుకోవడం సరికాదన్నది వారి వాదన. నా మట్టుకు నేను కారణం రుజువైన తీరును చూసి నిర్ణయంతో ఏకీభవిస్తాను, కానీ మనస్ఫూర్తిగా కాదు. దారిని మార్చడం నౌక నడిపేవారి చేతిలో ఉంటుంది. పదార్థపు గుణం దిమ్మలోనే ఉంటుంది. దిగే రోజున వాతావరణం బాగాలేక మరో చోటికి మళ్ళవలసివస్తే, సర్దుకోవడానికి మిగిలిన దూరం తక్కువ. తరువాతి నౌకల కోసం దిమ్మలను వాయువును పోనిచ్చేలా తయారుచేయాలని నిర్ణయించడం అసలైన మందు.

తిరిగి వాడే పెంకుకూ ఇదే చిక్కు

అరిగిపోని కవచాల్లో ఈ బాధ ఉండదని అనిపించవచ్చు. సిలికా పెంకులో రెసిన్ లేదు, మాడేదేమీ లేదు, వాయువు పుట్టదు. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్ళి, 12 రోజుల తరువాత బంగాళాఖాతంలో దిగిన ఇస్రో 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 క్యాప్స్యూల్‌లో ఈ రెండు రకాలనూ ఒకే ఒంటి మీద చూడవచ్చు: వేడి అత్యధికంగా తగిలే ముక్కు దగ్గర అరిగిపోయే కార్బన్-ఫినాలిక్, వేడి తగ్గే పక్కల సిలికా పెంకులు. ఎక్కడ ఏది సరిపోతుందో పైన వేసిన 27 వాట్ల లెక్కే చెబుతుంది. 2016 మే 23న అక్కడి నుంచే ఎగిరిన రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ-టీడీ కింది భాగానికీ పెంకులే అతికించారు.

అయితే షటిల్ పెంకులో 90 శాతానికి పైగా ఖాళీయే. ఎండలో వానలో ప్రయోగవేదిక మీద నిలబడే వాహనానికి అటువంటి దూదిలాంటి ఒళ్ళు ఉంటే ఏమవుతుందో 1982 జూన్‌లో తెలిసింది. షటిల్ నాలుగో ప్రయాణమైన ఎస్‌టీఎస్-4కు ముందు వడగళ్ళ వాన పడి కొలంబియా పెంకులు నీరు తాగాయి. ఆ నీటి బరువుతోనే అది పైకి వెళ్ళింది. అక్కడ ఆ నీరు గడ్డకట్టి పెంకులను పగలగొట్టకుండా, కడుపుభాగాన్ని గంటల తరబడి సూర్యుని వైపు తిప్పి ఉంచి ఆరబెట్టారు. పెంకుల్లోకి నీరు చేరకుండా సూదితో ఎక్కించే రసాయనం దిగేటప్పటి వేడికి కాలిపోయేది కనుక ప్రతి ప్రయాణం తరువాత మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. ఒక్కో షటిల్‌కు సుమారు 24,000 పెంకులు, ఒక్కో పెంకుకు ఒక్కో సూదిమందు. తిరిగి వాడే వాహనం అనే మాటలో అసలు ఖర్చు ఇక్కడే దాగి ఉంది. పెంకు మళ్ళీ ఎగురుతుంది, కానీ మనిషి దాని దగ్గరికి వెళ్ళి, తడిమి చూసి, సూది గుచ్చి వచ్చాకే ఎగురుతుంది.

వాషింగ్టన్ పక్కన డల్లెస్ విమానాశ్రయం దగ్గరి మ్యూజియంలో డిస్కవరీ షటిల్ ఉంది. ఆ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ళు పిల్లలతో వెళ్ళినప్పుడు, దాని పక్కన నిలబడి ఏ నల్ల పెంకునైనా నిదానంగా చూస్తే, గాజులా గట్టిపడిన పూతలో సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య ఆ మందు ఎక్కించింది దాని గుండానే.